కాలువకు నీళ్లొచ్చేలోపు

అబ్దుల్ రవూఫ్ గారు మా ఆఫీసులో షెడ్యూళ్లు తయారుచేసేవారు. ఇలా చెబితే బస్సులవా, రైళ్లవా అని అడుగుతారు జనం. రెండూ కావు. ఒక వంతెన కట్టాలంటే ఏ పని ముందు, ఏ పని వెనక, దేనికి ఎన్నాళ్లు, ఏది ఆగితే ఏది ఆగిపోతుంది అన్నది కంప్యూటర్లో పెట్టి గీతలుగా చూపించే ఉద్యోగం. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడ మీద ఉండేది మా కాంట్రాక్టు కంపెనీ. నేను అక్కడ డ్రాయింగులు గీసేదాన్ని. ఆయన బల్లకూ నా బల్లకూ మధ్య ఒక బీరువా అడ్డం, అంతే. ఏళ్ల తరబడి అలా పక్కపక్కన పనిచేశాం కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను. అయితే మెచ్చుకోవడానికి మొదలుపెట్టానని అనుకోకండి. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అంతకు రెండింతలు జాలి కూడా ఉంది.

ఆయన తండ్రి కరిముల్లా గారికి ఆటోనగర్లో లారీల కమాన్ పట్టీలు బాగుచేసే షెడ్డు ఉండేది. పనిలో ఆయన్ని మించినవాడు లేడు. మాటకొస్తే మాత్రం 'రేపు' తప్ప ఇంకో రోజు పేరు ఆయనకు తెలియదు. ఎవరొచ్చి అడిగినా రేపు వచ్చి బండి తీసుకుపొమ్మనేవాడు. ఆ రేపటి కోసం లారీ డ్రైవర్లు షెడ్డు ముందు మంచాలేసుకుని పడుకుని, పొద్దున్నే లేచి బూతులు తిట్టేవాళ్లు. బళ్లో చదువుకునే రోజుల్లో ఆ తిట్లు వింటూ పెరిగిన రవూఫ్ గారికి ఒకటే పట్టుదల పుట్టింది. నేను ఒక రోజు చెబితే అది ఆ రోజే కావాలి అని. ఈ సంగతి టీ తాగేటప్పుడు ఆయనే నవ్వుతూ చెప్పేవారు, కానీ కళ్లలో నవ్వు ఉండేది కాదు.

పాలిటెక్నిక్ చదివి మా కంపెనీలో చేరారు. తొంభై ఏడులో మా యజమాని శివాజీ గారు ఒక కంప్యూటరూ, ప్రిమావెరా అనే సాఫ్ట్‌వేరూ కొని, అది నేర్చుకు రమ్మని ఆయన్ని హైదరాబాదు పంపారు. తిరిగొచ్చాక ఆయన కొత్త పెళ్లికొడుకులా ఉన్నారు. పనులన్నీ దాంట్లో ఎక్కించి, దేని తర్వాత ఏదో చెబితే చాలునట. మిగతాది అదే లెక్కగట్టి, ఏ పని ఒక్క పూట ఆలస్యమైనా మొత్తం ఆలస్యమవుతుందో ఆ గీతలు ఎర్రగా చూపిస్తుందట. మిగతా పనులకు ఎంత తీరిక ఉందో కూడా చెబుతుందట. చెల్లెలు ఫౌజియా పెళ్లిని కూడా దాంట్లో ఎక్కించి తెచ్చి చూపించారు. పెళ్లికొడుకు ఊరేగింపు గీత పచ్చగా ఉంది, బిర్యానీ వంటవాడి గీత ఎర్రగా ఉంది. మేమంతా పడీ పడీ నవ్వాం. తీరా పెళ్లిరోజు పెళ్లికొడుకు ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోలేదు గానీ, వంటవాడు ఆలస్యమయ్యేసరికి పందిరంతా అట్టుడికిపోయింది. ఆ తర్వాత ఆయన గీతల్ని చూసి మేం నవ్వడం మానేశాం.

ఇక్కడ కాంట్రాక్టు పనుల్లో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. ప్రతి పనికీ రెండు షెడ్యూళ్లు ఉండేవి. ఒకటి ఆఫీసు కాపీ, అంటే ప్రభుత్వ ఇంజనీర్లకు పంపేది. రెండోది సైటు కాపీ, మేం నిజంగా పని చేసుకునేది. ఆఫీసు కాపీలో పనెప్పుడూ గడువులోపే అయిపోయేది. సైటు కాపీలో ఎప్పుడవ్వాలో అప్పుడయ్యేది. ఇది మోసమని ఎవరూ అనుకునేవారు కాదు. పెళ్లిచూపుల్లో చెప్పే వయసు లాంటిది, చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఆ కాగితం ఫైల్లో కూర్చుంటుంది తప్ప దాన్ని నమ్మి ఎవరూ ఏ పనీ చేయరు. రవూఫ్ గారికి మొదట్లో మనసొప్పలేదు. తర్వాత అందరిలాగే అలవాటుపడ్డారు.

రెండువేల ఒకటి వేసవిలో పామర్రు దగ్గర కాలువ మీద వంతెన పని మాకొచ్చింది. డెల్టాలో కాలువ మీద ఏం కట్టాలన్నా వేసవిలోనే కట్టాలి. బ్యారేజీ దగ్గర నీళ్లు కట్టేసిన నాటి నుంచి మళ్లీ వదిలే నాటి దాకానే సందు. పైన శ్లాబు పోయాలంటే దాన్ని మోసే సెంట్రింగు కర్రలన్నీ ఎండిన కాలువలోనే నిలబెట్టాలి. నీళ్లొచ్చేలోపు శ్లాబు పడిందా, వంతెన ఉన్నట్టు. పడలేదా, మళ్లీ వేసవి దాకా లేనట్టు.

కాలువకు అవతల పల్లెపాలెం. అందరూ చేపలు పట్టి అమ్ముకునేవాళ్లు. ఆడవాళ్లు తెల్లారేసరికి తట్టలు నెత్తిన పెట్టుకుని, పాత వంతెన దాటి పామర్రు మార్కెట్‌కు వెళ్లేవారు. కొత్తది అదే చోట కట్టాలి కాబట్టి ముందు పాతది కూల్చాలి. వేసవిలో కాలువలో మట్టికట్ట మీద నడిచిపోవచ్చు. నీళ్లొచ్చాక? చుట్టూ తిరిగి ఇంకో వంతెన మీదుగా వెళితే మార్కెట్ ఎత్తేసే వేళకు చేరతారు. చేప సాయంత్రం దాకా ఆగే సరుకు కాదు కదా. అందుకని, పక్కన చెక్క వంతెన ఒకటి వేశాకే పాతది ముట్టుకోండంటూ ఆడవాళ్లంతా వెళ్లి పాత వంతెన మీద కూర్చున్నారు. వాళ్లకు పెద్ద రత్తమ్మ. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. ఊళ్లో ఏ తగువొచ్చినా ఆవిడ ఒక మాటంటే తెగిపోవాల్సిందే.

పనికి మా దగ్గర పునాదులు తవ్వే రిగ్గు ఒక్కటే ఉంది. అది గుడివాడ వైపు ఇంకో పనిలో ఉంది. అది వచ్చేదాకా ఆగితే శ్లాబు నీళ్లొచ్చాక గానీ పడదని రవూఫ్ గారి సైటు కాపీ చెప్పింది. ఆ మాటే శివాజీ గారితో అంటే, రెండో రిగ్గు అద్దెకు తెద్దాం, అది ఉందనుకుని గీతలు గీయమన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ రెండో రిగ్గు అని నేను ఆటపట్టించాను. రవూఫ్ గారు నవ్వి, అబద్ధం కాదండీ, ఆశ అన్నారు. అలా తయారైంది ఆ ఆఫీసు కాపీ.

వంతెన మీద కూర్చున్నవాళ్లను ఒప్పించి రమ్మని శివాజీ గారు ఆ కాపీని రంగుల్లో పెద్దగా ప్రింటు తీయించి రవూఫ్ గారిని పంపారు. ఆడవాళ్ల వ్యవహారమని డ్రాయింగు ఇచ్చి నన్నూ పంపారు. నా డ్రాయింగు వైపు ఎవరూ చూడలేదు. ఆయన మాత్రం ఆ కాగితాన్ని వంతెన గోడ మీద పరిచి, నాలుగు వైపులా రాళ్లు పెట్టి, ఒక్కో గీతా చూపిస్తూ చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, చదువు రాని వాళ్లు కూడా మెడలు చాచి చూశారు. రత్తమ్మ దగ్గరికొచ్చి, నీళ్లెక్కడున్నాయని అడిగింది. ఆయన నీలం గీత చూపించారు. వంతెన ఎక్కడ అయిపోతుందని అడిగింది. దానికి ఇవతల చూపించారు. ఆవిడ రెండు గీతల మధ్యా వేలు పెట్టి చూసుకుంది.

"ఈ గీత ఆ గీతను దాటి పోదుగా?"

"పోదమ్మా."

"ఇది చేసింది నువ్వేనా?"

"నేనే చేశానమ్మా."

రత్తమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "లెగండే. ఈ సాయిబుగారి అబ్బాయి అబద్ధాలాడే మనిషిలా లేడు. నే చెబుతున్నా, లెగండి" అంది. ఒక్కొక్కరే లేచారు. ఒకరిద్దరు గొణిగినా ఆవిడ మాట కాదనలేక తట్టలు ఎత్తుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు రవూఫ్ గారు జీపులో ఎంత సంతోషంగా ఉన్నారో నాకింకా గుర్తుంది. తండ్రి మీద గెలిచిన కొడుకులా ఉన్నారు.

ఆ కాగితం ఆ ఒక్క చోటే ఆగితే బాగుండేది. చెక్క వంతెన సంగతి చూడాల్సిన అధికారి కూడా ఆ కాపీనే చూసి, నీళ్లకు ముందే అసలు వంతెన వస్తుంటే ఇది దండగ అని కొట్టేశాడు. ఊళ్లో మనుషుల్ని కాలువ దాటించేంత పెద్ద పడవ రత్తమ్మ మరిది కాశీరావుది ఒక్కటే. దాన్ని అమ్మేద్దామని, కావాలంటే ఊరు ఉమ్మడిగా తీసుకోండని అతను ముందు వదినకే చెప్పాడు. వంతెన వస్తోందిగా, మనకు పడవెందుకని ఆవిడ వద్దంది. ఫైల్లో కూర్చోవాల్సిన కాగితం ఊళ్లోకి వెళ్లి కూర్చుంది.

రవూఫ్ గారు చేతులు ముడుచుకుని ఉన్నారని అనను. ఆ ఏప్రిల్లో ఆయన రెండో రిగ్గు కోసం తిరగని ఊరు లేదు. ఏలూరులో ఒకటి దొరికింది కూడా. శివాజీ గారు చూద్దాం, చూద్దాం అంటూ నాన్చారు. ఈలోపు అది ఇంకెవరికో వెళ్లిపోయింది. చివరికి గుడివాడ రిగ్గే ఏప్రిల్ ఆఖర్లో వచ్చి పని మొదలుపెట్టింది. సగం మే గడిచేసరికి ఆయన సైటు కాపీలో వంతెన గీతంతా ఎర్రబడి, నీలం గీతను దాటి చాలా దూరం పోయింది. మొదటి పని నుంచీ లెక్కలన్నీ మళ్లీ సరిచూసుకున్నారు. ఎలా చూసినా అంతే. శివాజీ గారికి చూపిస్తే, వానలు ఆలస్యమైతే నీళ్లూ ఆలస్యమవుతాయి, నువ్వు గాభరాపడకు, ఊళ్లో మాత్రం ఏమీ అనకు అన్నారు. గాలిలో దీపం పెట్టి దేవుడిదే భారమన్నారన్నమాట.

ఆ వారంలోనే ఒకరోజు మేమిద్దరం సైటుకు వెళ్లాం. ఎండ మండిపోతోంది. రత్తమ్మ మమ్మల్ని తన ఇంటి ముందు పందిట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పని ఎలా జరుగుతోందని అడిగింది. రవూఫ్ గారు గ్లాసులోకి చూస్తూ, బానే ఉందమ్మా అన్నారు. ఆవిడ తృప్తిగా తలూపి, ఇంకాస్త పోసింది.

జీపు ఎక్కి కొంత దూరం పోయాక ఆయన నాతో అసలు సంగతి చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. జీపు వెనక్కి తిప్పించమన్నాను. ఇప్పుడు చెబితే మళ్లీ వచ్చి కూర్చుంటారు, ఉన్న పనీ ఆగిపోతుంది, కాస్త నిదానంగా చెప్పాలి అన్నారు. శుక్రవారం నమాజు అయ్యాక తానొక్కరే వచ్చి రత్తమ్మకు చెబుతానని మాటిచ్చారు. ఆ శుక్రవారం వాళ్లమ్మ జమాల్ బీ గారికి ఒంట్లో బాగాలేదు. మర్నాడు వెళతానన్నారు. మర్నాడు శివాజీ గారు ఇంకో పని అప్పజెప్పారు. సోమవారం నేను అడిగితే, రేపు తప్పకుండా వెళతానండీ అన్నారు. ఆ మాట తన నోట్లోంచి రాగానే ఆయన మొహం ఎలా మారిపోయిందో నేను చూశాను. అయినా మంగళవారం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే నాకు తెలిసిన జవాబు ఒక్కటే. ఆవిడ మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆ వారం చివర్లో కాశీరావు పడవ కొల్లేటి వైపు వాళ్లకు అమ్ముడుపోయింది.

జూన్లో నీళ్లు వదిలారు. మా వాళ్లే వెళ్లి కాలువలో మట్టికట్టకు గండి కొట్టారు. వంతెన స్తంభాలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి, పైన ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి. ఆడవాళ్లు తట్టలతో చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లు వెళ్లేసరికి పామర్రు మార్కెట్లో కొనేవాళ్లంతా కొనుక్కుని వెళ్లిపోయేవారు. నెల తిరిగేసరికి వాళ్లు కూర్చునే చోట్లలో వేరేవాళ్లు కూర్చున్నారు. పల్లెపాలెం కోపమంతా మా మీదికి రాలేదు. మేం విజయవాడలో ఉన్నాం, దొరకం. రత్తమ్మ దొరికింది. కూర్చున్నవాళ్లను లేపింది నువ్వే అన్నారు, పడవ వద్దన్నదీ నువ్వే అన్నారు. కాంట్రాక్టరు దగ్గర ఏం తిన్నావని అడిగిన నోళ్లూ ఉన్నాయి. ఆవిడ చేపల తట్ట మూల పెట్టేసి, దూరంగా రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి చేరిందని మా సైటు మేస్త్రీ సొలొమోను చెప్పాడు. రవూఫ్ గారు ఆ మాట విని, కంప్యూటర్ తెర వైపు తిరిగి చాలాసేపు ఏదో చూస్తూ ఉండిపోయారు. తెర మీద ఏమీ లేదు.

మరుసటి వేసవిలో వంతెన పూర్తయింది. రిబ్బను కత్తిరింపు, కొబ్బరికాయలు, ఫొటోలు, అన్నీ జరిగాయి. రవూఫ్ గారు జ్వరమని రాలేదు.

ఆ తర్వాత ఆయన ఆఫీసు కాపీలు చేయడం మానేశారు. ఉన్నది ఉన్నట్టు ఒకటే కాపీ, నచ్చితే పంపండి, లేకపోతే లేదు అన్నారు. శివాజీ గారు కొన్నాళ్లు అరిచి, షెడ్యూళ్ల పని ఇంకొకరికిచ్చి, ఈయన్ని సిమెంటు స్టోరు చూసుకోమన్నారు. ఆయన మర్నాటి నుంచే స్టోరులో కూర్చున్నారు. సాయంత్రాలు బెంజి సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు ప్రిమావెరా నేర్పేవారు. హైటెక్ ఉద్యోగాల రోజులవి, పిల్లలు బాగా వచ్చేవారు. మంచి మాస్టారని పేరొచ్చింది. ఇంట్లో మాత్రం మనిషి ముభావంగా అయిపోయారు. రేపు కూరేం చేయమంటారని అడిగినా ఉలిక్కిపడుతున్నారండీ అని ఆయన భార్య అఫ్సానా నాతో వాపోయింది. ఎన్నోసార్లు చెప్పాను, వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని నాలుగు మాటలు అనేసి రండి, బరువు దిగుతుంది అని. వెళతానండీ అనేవారు. ఎప్పుడని నేను అడిగేదాన్ని కాదు.

ఆరేళ్లు గడిచాక మచిలీపట్నంలో ఒక పని చూసి తిరిగొస్తూ, పామర్రు చేరబోతుండగా ఆయనే జీపు పక్కకు తిప్పమన్నారు. కొత్త వంతెన మీదుగా పల్లెపాలెంలోకి వెళ్లాం. వంతెన మీద పోతున్నంతసేపూ ఆయన కిటికీలోంచి చూడలేదు. రత్తమ్మ ఇంటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది, షెడ్డులో చల్లటి నీళ్లలో నిలబడి కాళ్లు పాడయ్యాయట. చూడగానే గుర్తుపట్టింది. సాయిబుగారి అబ్బాయివి కదూ అంది. పిల్లలెంతమంది అని అడిగింది. అమ్మ బాగుందా అని అడిగింది. ఆవిడ మాటల్లో కోపం వెతికినా దొరకలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను.

రవూఫ్ గారు నేల మీద కూర్చున్నారు. ఎన్నేళ్లుగా మనసులో సర్దుకున్నారో, అన్నీ వరసగా చెప్పారు. రిగ్గు ఒక్కటే ఉండటం, రెండోది వస్తుందని నమ్మడం, ఏలూరు తిరగడం, యజమాని నాన్చడం. తనను క్షమించమన్నారు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ ఎండాకాలం మా ఇంటికొచ్చావే, పని బానే ఉందన్నావు. అప్పటికే నీకు తెలుసా నాయనా?"

నేను ఆయన వైపు చూడలేకపోయాను. అబద్ధం చెప్పినా బాగుండు అనిపించింది, ఒక్క క్షణం.

"తెలుసమ్మా" అన్నారు.

రత్తమ్మ కాళ్లు రుద్దుకుంటూ కాలువ వైపు చూసింది.

"వంతెన లేటయిందని నాకేం లేదు నాయనా. గవర్నమెంటు పనులు, లేటవుతాయి. నాకు చెప్పుంటే నేనే ఇంటింటికీ ఎల్లి చెప్పుకునేదాన్ని, తిట్టేవాళ్లు తిట్టుకునేవాళ్లు. ఆ రోజు వంతెన మీద వాళ్లు నీ కాయితం చూసి లెగలేదు. నా మాట మీద లేచారు. ఆ తర్వాత ఈ ఊళ్లో నేనేం చెప్పినా ఎవరూ లెగలా."